కాటా దగ్గర ఆగిన కారు

ముద్దనూరు దాటి ఎర్రగుంట్లకు వచ్చే దారిలో మూతబడిన నాపరాళ్ల గని ఒకటుంది. గని ముందర లారీలు తూకం వేసే పాత కాటా. దాని పక్కన తలుపు ఊడిపోయిన ఒంటిగది. పొద్దు గూకినాక ఆడ బండి ఆపొద్దని ఆ దారిన తిరిగే డ్రైవర్లందరూ అంటారు. ఎందుకని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే మాట. "ఆపొద్దంటే ఆపొద్దు... అంతే."

ప్రశాంతి ఆ మాటలు విని నవ్వేది. ఇప్పుడు నవ్వదు. ఆమె తన నోటితో చెప్పిన సంగతే ఇది.

ఆమె కాపురం ప్రొద్దుటూరులో, ఉద్యోగం పులివెందులలో. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తుంది. రోజూ బస్సులు మారి మారి, నిలబడి నిలబడి, మూడేళ్లకు నడుము పట్టేసింది. బస్సన్నా మానుకో, ఉద్యోగమన్నా మానుకో అన్నాడు డాక్టరు. పాఠం చెప్పకుండా ఆమె బతకలేదు.

భర్త నాగేంద్ర నెలకు మాట్లాడుకునే బండ్లు రెండు చూపించాడు. ఒకటి ఎత్తు జీపు. ఎక్కేటప్పటికే కండ్లలో నీళ్లు తిరిగాయి. రెండోది హబీబుల్లా కారు. కువైట్‌లో పన్నెండేళ్లు బండి తోలి వచ్చిన మనిషి. వెనక సీటు మెత్తగా వాలుతుంది. అద్దాలెత్తితే లారీ హారన్ కూడా లోపలికి రాదు.

"ఇదే బాగుంది" అంది ప్రశాంతి, కండ్లు మూసుకుని వెనక్కి వాలి.

"ఒకటే మేడం" అన్నాడు హబీబుల్లా. "ఎనక తలుపులూ అద్దాలూ లోపలినుంచి తెరుచుకోవు. ఇస్కూలు పిల్లోళ్లను తిప్పేటప్పుడు లాకు పెట్టించినా. నేనే వచ్చి తీస్తా."

"మంచిదేలే భాయ్."

రెండు నెలలు హాయిగా గడిచాయి. దారంతా నిద్రపోయేది. నడుము నొప్పి సగం తగ్గింది.

మార్గశిరంలో ఒకరోజు, స్టడీ అవర్ డ్యూటీ ముగించుకుని బయల్దేరేసరికి ఏడు దాటింది. కారు ఆగిన కుదుపుకు మెలకువ వచ్చింది.

హెడ్‌లైట్ల వెలుగులో... ఇరుకు కల్వర్టుకు అడ్డంగా పెద్ద నాపరాయి. ఏ లారీ నుంచో జారింది. కిటికీ పక్కన నల్లగా — కాటా గది.

"ఒక్కడితో కదిలేది కాదు మేడం. అవతల పొలంలో కాపలా మనిషుండాడు. గడ్డపార తెస్తా. ఏసీ పెట్టే పోతాండా."

తలుపు మూసుకుంది. అతని చొక్కా వెలుగు దాటి చీకట్లో కలిసిపోయింది.

ఐదు నిమిషాలు... పది... ఫోన్ చేసింది. ముందు సీట్లోనే అతని ఫోన్ మోగింది.

తలుపు లాగింది. రాలేదు. అద్దం బటన్ నొక్కింది. దిగలేదు. ముందు సీట్లోకి దూకుదామంటే నడుము వంగదు. "భాయ్!" అని గట్టిగా అరిచింది. ఆ అరుపు కారు లోపలే తిరిగి ఆమె చెవులకే తగిలింది.

అప్పుడు —

టింగ్... టింగ్... టింగ్...

సీటు మీద బరువు పడి బెల్టు పెట్టుకోకపోతే మోగే చప్పుడది. తన బెల్టు చూసుకుంది. పెట్టుకునే ఉంది. ఎప్పుడన్నా పక్క సీట్లో బ్యాగు పెడితే మోగేది. ఇప్పుడు బ్యాగు కాళ్ల దగ్గరుంది.

పక్క సీటు ఖాళీ.

టింగ్... టింగ్... టింగ్...

సెన్సార్ చెడిపోయిందేమో అనుకుంది. ఫిజిక్స్ టీచరు కదా. కానీ ఆ మెత్తటి సీటు నడుమ... మనిషి కూర్చున్నంత మేర పల్లంగా ఉంది.

ప్రశాంతి తలుపుకు అతుక్కుపోయింది. పోవడానికి చోటు లేదు. చప్పుడు ఆగడం లేదు. అది తల లోపల మోగుతున్నట్టుంది.

చివరికి, ఏమనుకుందో ఏమో... చెయ్యి చాపి ఆ పక్క బెల్టు లాగింది. మోచేతి దాకా మంచునీళ్లలో ముంచినట్టయింది. బెల్టు బిగించింది.

టక్.

చప్పుడు ఆగిపోయింది.

కాసేపటికి హబీబుల్లా, కాపలాదారు వచ్చారు. గడ్డపారతో రాయిని పక్కకు తోశారు. హబీబుల్లా ఎక్కి, పైనున్న అద్దంలో వెనక్కి చూశాడు. అతని మొహం ఒక్కసారిగా మారింది. గేరు వేసి బండి ఉరికించాడు.

ఎర్రగుంట్ల దీపాలు కనిపించాక అంది ప్రశాంతి — "భాయ్... ఈడే ఆపు. నేను బస్సుకు పోతా."

అతను బండి పక్కకు తీసి ఆపాడు. దిగి వచ్చి ఆమె వైపు తలుపు తీశాడు. ఆమె బయటపడి, రెండడుగులు వేసి, జనంలో నిలబడి ఊపిరి పీల్చుకుంది.

హబీబుల్లా దగ్గరకొచ్చాడు. కారు వైపు చూడకుండా, చెవిలో చెప్పినంత మెల్లగా అడిగాడు —

"మేడం... మరి ఆయమ్మను యాడ దించాల?"