హయాత్ బటన్

"ఇవాళ ముఠా మనిషి వస్తాడు. హయాత్‌ని కాపాడు. నీ ప్రాణం పోయినా సరే," అన్నాడు చీఫ్ ఫోన్‌లో.

ఏజెంట్ చైతన్యకృష్ణకి ఒళ్ళు మండింది. ఇంజనీరింగ్‌లో హయాత్‌దీ తనదీ ఒకే బెంచి. ఫస్ట్ ర్యాంకు ఎప్పుడూ హయాత్‌దే.

2008 మార్చి. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలన్నీ మిర్చి బస్తాలతో నిండి ఉన్నాయి. వాటిలో చల్లదనం చూసుకునేది అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు. ఇదివరకు ప్రోగ్రామ్ మార్చాలంటే ల్యాప్‌టాప్ చంకనేసుకుని బోర్డు బోర్డుకీ తిరగాలి. హయాత్ ఆ గొడవ వదిలించాడు. మంగళగిరి ఆఫీసులో ఒక్క బటన్ నొక్కితే చాలు, అన్ని బోర్డులూ మారిపోతాయి. విదేశీ ముఠా కన్ను ఆ బటన్ మీదే పడింది. కూలింగ్ ఆపేసే దొంగ అప్‌డేట్ పంపితే రైతుల పంటంతా రంగు పోయి పురుగు పడుతుంది.

ముఠాలో చేరినట్టు నటిస్తున్న మన డబుల్ ఏజెంట్ శ్రీరమ్య. వచ్చే మనిషెవరో ముఠా ఆమెకీ చెప్పలేదు. చైతన్య ఆమె కోసం రెండేళ్ళుగా పడిచస్తున్నాడు. ఆమేమో హయాత్ పక్కన కూర్చుని, "ఇంత సింపుల్‌గా ఎలా చేశారండీ?" అంటూ కళ్ళింతలు చేసుకుని అడుగుతోంది. లైన్‌మన్ వేషంలో కిటికీ బయట నిచ్చెన మీదున్న చైతన్య పళ్ళు నూరాడు.

"మా గోడౌన్లో కూలింగ్ ఆడట్లేదండీ. కాయ చూడండి," అంటూ ఒక షావుకారు లోపలికొచ్చాడు. ఎండుమిరపకాయ తుంచి చూపించి, అదే చేత్తో కన్ను నులుముకున్నాడు. ఈ ప్రాంతంలో చంటిపిల్లలు కూడా చెయ్యని పని. ఇతను అసలు షావుకారే కాదని శ్రీరమ్య కనిపెట్టింది. హయాత్‌ని హెచ్చరించడానికి భుజం తట్టింది.

చైతన్యకి కనబడింది ఆ భుజం మీది చెయ్యి ఒక్కటే. హయాతే ముఠాకి అమ్ముడుపోయాడనిపించింది, అనిపించాలనే ఉంది కూడా. కిటికీలోంచి లోపలికి దూకి హయాత్ చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశాడు.

"ఆయన కాదు, వీడు!" అని శ్రీరమ్య అరిచేలోగా షావుకారు కళ్ళనీళ్ళు కారుస్తూనే పెన్‌డ్రైవ్ గుచ్చి బటన్ నొక్కేశాడు. ఆమె అతన్ని నేలకేసి అదిమిపట్టింది.

స్క్రీన్ మీద అప్‌డేట్ ఎనభై శాతం దాటింది.

"ఏం చెయ్యాల్రా?" అని హయాత్‌ని అడిగాడు చైతన్య.

"ఎర్ర బటన్ నొక్కరా! ప్రతి బోర్డూ పాత ప్రోగ్రామ్ దాచుకుంటుంది. అన్నీ మళ్ళీ దానికే పోతాయి."

"అంతేనా?"

"అంతే. నీలాంటోడు కూడా నొక్కగలగాలనే అలా చేశా."

తొంభై తొమ్మిది దగ్గర నొక్కాడు. అప్‌డేట్ ఆగింది. కోల్డ్ స్టోరేజీలు ఒకదాని తర్వాత ఒకటి 'కూలింగ్ ఓకే' అన్నాయి.

"చైతన్యగారూ, ఆయన బేడీలు తీయండి. షేక్‌హ్యాండ్ ఇవ్వాలి," అంది శ్రీరమ్య, హయాత్ వైపే చూస్తూ.

తాళంచెవి ఎడమ జేబులో ఉంది. చైతన్య కుడి జేబు చాలాసేపు వెతికాడు.