నీలం తలుపుల వీధి

వాన ఇంకా పూర్తిగా వెలవలేదు. మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న కుర్రాడొకడు మా గుమ్మం ముందు సర్రున జారిపడ్డాడు. తల పగిలిందేమోనని నా గుండె గుభేలుమంది. నా కూతురు లవీనియా మాత్రం కిసుక్కున నవ్వింది.

"ఆఫీసరు గారూ, మా నేలంటే అంత ప్రేమా?"

"ఆ నేలనే అమ్మేస్తున్నారుగా!" అన్నాడు బురద దులుపుకుంటూ. పేరు థడియస్. కౌంటీ ఆఫీసులో, అంటే మా జిల్లా ఆఫీసులో, కొత్త ఉద్యోగం. మాలాగా నల్లవాడే, కానీ సముద్రం మధ్యనున్న మా ఈ దీవి మనిషి కాదు.

నేను బెండకాయ సూప్ గిన్నె కింద పెట్టేశాను. "ఎవరు బాబూ అమ్మేది?"

"వీధి మొత్తం, అమ్మగారూ. ఇల్లు అమ్మి వెళ్లిపోయేవాళ్లు తలుపుకి నీలం గుర్తు పెట్టాలన్నాం. ఇక్కడ అన్ని తలుపులూ నీలమేగా! అలాగే కౌన్సిల్‌కి రాసి పంపేశాను."

లవీనియా నడుం మీద చేయి పెట్టుకుంది. "అది దెయ్యాలు రాకుండా మా ముత్తవ్వల నాటి నుంచీ వేస్తున్న రంగు, మహానుభావా! రాసేముందు ఒక్క తలుపైనా కొట్టావా?"

అతను తల పట్టుకున్నాడు. గురువారమే కౌంటీ కౌన్సిల్ సభ. మేం పోతున్నామని వాళ్లు నమ్మితే, ఉప్పెన నీళ్లు పోయే కాలువలకీ, ఇళ్లు ఎత్తు చేసుకోవడానికీ మేం ఏళ్ల తరబడి అడుగుతున్న నిధి డబ్బున్నవాళ్ల గోల్ఫ్ కాలనీకి వెళ్లిపోతుంది. మేం దీవి విడిచి పోవాల్సి వస్తుంది.

"నేనే సరిదిద్దుతాను. తలుపులు కొట్టడానికి మీరు తోడొస్తారా?"

"గొడుగు నువ్వే పట్టుకోవాలి మరి!" అంది లవీనియా.

రోజూ ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. గొడుగంతా లవీనియా మీదే, అతను సగం తడుస్తూ. జ్వరం వస్తుందనీ, ఉద్యోగం పోతుందనీ, నా పిల్ల మనసు విరిగిపోతుందనీ కిటికీలోంచి చూస్తూ నేను వణికాను.

గురువారం సభలో ముందుగా థడియస్ మైకు పట్టుకున్నాడు. "వాళ్లు పోతామనలేదు. నేనే అడగలేదు. తప్పు నాది."

తర్వాత లవీనియా మా వీధి కోరిక చెప్పింది. కౌన్సిల్ సభ్యుల చేతులు లేచాయి. నిధి మాకే వచ్చింది.

ఆ సాయంత్రం అతను గుమ్మం బయటే నిలబడ్డాడు. "అమ్మగారూ... పెళ్లికి లవీనియా ఒప్పుకుంది. ఇక మీరు కూడా..."

"లోపలికి రా ముందు."

గడప దాటాడు.

"అమ్మా, దాటేశాడు!" లవీనియా చప్పట్లు కొట్టింది.

"చూశానే. నీలం తలుపు దాటాడంటే దెయ్యం కాదులే. రొయ్యల అన్నం వడ్డించు."

అతను సిగ్గుగా నవ్వుతూ అడుగేశాడు. నా ప్రాణం మళ్లీ గిలగిల్లాడింది.

"మెల్లగా నాయనా, నేల తడిగా ఉంది!"