నలభై మూడు ఎర్ర గళ్ళు

పట్టపగలు, ఆఫీసు లిఫ్టులో, అన్నని కాల్చి చంపారు. పదిహేను రోజులైనా తమ్ముడి కంట్లోంచి చుక్క రాలలేదు. పళ్ళు నూరుకోడానికే అతనికి టైము చాల్లేదు.

తమ్ముడూ సీక్రెట్ ఏజెంటే. నంబరు ఎనభై ఎనిమిది.

"చంపించింది పెయింటర్," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా మనిషి. మన ఏజెంట్ల నంబర్లన్నీ వాడి స్ప్రెడ్‌షీట్‌లో ఉన్నాయి. ఏ గడికి ఎరుపు పూస్తే ఆ మనిషికి నూకలు చెల్లినట్టే. పని పూర్తయితే నలుపు పూస్తాడు. రేపు పదకొండింటికి నలభైమందికి పైగా పోతారు."

"వాణ్ణి నాకొదిలెయ్యండి."

"నువ్వు కాలిస్తే ఇంకొకడొచ్చి షీటు పంపుతాడు. వాళ్ళ రూలు విను. హంతకులు ముందే కాచుకుని ఉంటారు. పదకొండింటికి ఆఖరి షీటు పంపి, ఎర్ర గళ్ళు ఎన్నో ఫోన్లో చెప్పాలి. అవతల వాళ్ళు తమ మాక్రోతో, అదే, షీటులో లెక్కలు చేసే చిన్న ప్రోగ్రాముతో, మళ్ళీ లెక్కపెడతారు. ఒక్కటి తేడా వచ్చినా లిస్టు రద్దు. పంపినవాడు ద్రోహి. వాణ్ణి సొంత గార్డే లేపేస్తాడు."

ఎనభై ఎనిమిది నవ్వాడు. చూడ్డానికి బాగోలేని నవ్వు.

లైటర్లో కెమెరా, బూటులో కత్తి ఇస్తారేమోనని చెయ్యి చాపాడు. చీఫ్ ఆ చేతిలో మాక్రోల పుస్తకం పెట్టాడు.

"రంగుని బట్టి గళ్ళు లెక్కపెట్టడం. సాయంత్రానికల్లా చదివెయ్. వాడి మాక్రోని మేడమ్ పాడుచేసింది. రిపేరుకి వెళ్ళేది నువ్వే."

"మేడమ్ ఎవరు?"

"వాడి సెక్రటరీ. లోపల మన మనిషి. మీ వదిన."

"అన్నకి పెళ్ళయిందా?"

"సీక్రెట్ ఏజెంటు కదయ్యా. నీకు చెప్పి చేసుకుంటాడా?"

మర్నాడు పదిన్నరకి అతుకుడు మీసం, భుజాన సంచీతో పెయింటర్ ఆఫీసు మెట్లెక్కాడు. హైహీల్స్, నల్లద్దాల మేడమ్ ఎదురొచ్చింది. చూస్తే ఎవరైనా మెట్టు తప్పాల్సిందే.

"ఏసీ బాగానే పనిచేస్తోందే," అన్నాడు.

"నిన్నంతా మొరాయించింది," అందామె. కోడ్ కలిసింది. మెట్ల మలుపులో రెండు నిమిషాలు గుసగుసలాడుకున్నారు.

పెయింటర్ ఈల వేసుకుంటూ ఎరుపు పూస్తున్నాడు. పదహారో వరసలో ఓ నల్ల గడి. అన్న నంబరు. ఎనభై ఎనిమిదికి ఆ మెడ పిసికెయ్యాలనిపించింది. ఓర్చుకుని కీబోర్డు లాక్కున్నాడు. మాక్రో రాసి ఎంటర్ కొట్టాడు. కింద గడిలో నలభై మూడు పడింది.

"పాతదానికి బటన్ నొక్కేవాణ్ణి. దీనికో?"

"అక్కర్లేదు సార్. తనే చూసుకుంటుంది."

పచ్చి అబద్ధం. గడి రంగు మారిస్తే స్ప్రెడ్‌షీటుకి చీమ కుట్టినట్టయినా ఉండదు. మళ్ళీ లెక్క కట్టమని చెప్పేదాకా పాత అంకెనే పట్టుకు కూర్చుంటుంది. మాక్రోలు రాసేవాళ్ళందరూ దీంతో ఒకసారైనా తల బాదుకున్నవాళ్ళే. ఆఫీసర్లకి ఇవన్నీ ఎందుకు?

పదకొండుకి రెండు నిమిషాలుంది. మేడమ్ చరచరా వచ్చి మీసం పట్టి లాగింది.

"సార్, వీడు మెకానిక్కు కాదు. ఎనభై ఎనిమిది."

గార్డు తుపాకీ కణతకి ఆనింది. వదిన రెప్ప కూడా వెయ్యలేదు.

"అన్న దగ్గరికి వెళ్తానంటే నేను కాదంటానా?" పెయింటర్ మురిసిపోతూ ఎనభై ఎనిమిదో నంబరు గడికీ ఎరుపు పూశాడు. షీటు పంపాడు. ఫోనెత్తి, కింద గడిలో కనిపించింది చదివాడు. "నలభై మూడు."

కొత్త గడి కనిపిస్తే వాడి చెయ్యి ఆగదని వదినకి తెలుసు. ఆఖర్లో తనని పట్టించమని మెట్ల మలుపులో మరిదే చెప్పాడు.

అవతల గొంతు పలికింది. "ఇక్కడ నలభై నాలుగు."

పెయింటర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. గార్డు చెవిలో ఆర్డరు పడింది. కణత మీది తుపాకీ మెల్లగా అటు తిరిగింది.

"ఆగరా! మాక్రో తప్పు!"

"పదహారో వరసలో నల్ల గడి మా అన్నది," అన్నాడు ఎనభై ఎనిమిది.

"నా మొగుడిది," అంది మేడమ్. ఆ మాట పైకి అనడం ఆమెకదే మొదటిసారి.

తుపాకీ పేలింది. గార్డు ఇటు తిరిగేలోపు ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. మత్తు గ్యాసుకి వాడు పెయింటర్ పక్కనే కూలాడు. అదే నిమిషంలో, నలభై మూడు గుమ్మాల ముందు కాచుకున్న హంతకులు లిస్టు రద్దని తెలిసి వెనక్కి తిరిగారు.

సాయంత్రం చీఫ్ రిపోర్టు రాసుకుంటున్నాడు. "వాడి ఆఖరి మాట?"

"మాక్రో తప్పన్నాడు సార్."

"తప్పేనా?"

"దాని తప్పేం లేదు సార్. మళ్ళీ లెక్కపెట్టమని దాన్ని ఎవరూ అడగలేదు."