ఎడమ కమ్మీకి కట్టిన జెండా

“సరుకు ఓడగారూ, పక్కకి తప్పుకుంటారా, లేక మీ నెత్తి మీంచి వెళ్ళమంటారా?”

రేడియోలో ఆ మాట విని మూడో ఆఫీసరమ్మకి ఒళ్ళు మండింది.

“ముందు రూల్స్ చదువుకోండి. ఎదురుపడితే ఇద్దరం కుడికి తిరగాలి, ఎడమ పక్కలు ఎదురెదురుగా దాటాలి. ఇంతోటిదానికి జోకులెందుకు?”

“అమ్మో! తిరిగాను మేడమ్, తిరిగాను.”

అలా మొదలైంది. రెండు ఓడలదీ ఒకే దారి. పద్ధెనిమిది రోజులకోసారి, ఆమె పొద్దుటి డ్యూటీలో ఎదురుపడేవి. అతను నూనె ఓడ మీద రెండో ఆఫీసరు. ఆమె పెట్టిన పేరు వాగుడుకాయ. తిట్టుకున్నంతసేపూ తిట్టుకుని, ఓడ కనుమరుగయ్యేదాకా ఆమె బైనాక్యులర్స్ దించేది కాదు.

చేతుల్లో ఫోన్లు లేని కాలం. రేడియోలో మాట చుట్టుపక్కల ఓడలన్నిటికీ వినపడుతుంది. అందుకే అసలు మాట అతను సిగ్నల్ దీపంతో, ఒక్కో అక్షరంగా అడిగాడు.

‘ఇంట్లో సంబంధం చూశారు. వచ్చే ట్రిప్పులో ఒడ్డుకెళ్ళి జవాబు చెప్పాలి. నిన్నే చేసుకుంటానని చెప్పనా? ఇష్టమైతే మళ్ళీ ఎదురుపడే రోజు సీ జెండా కట్టు. లేకపోతే ఇక విసిగించను.’

ఓడల భాషలో ‘సీ’ అక్షరం జెండా అంటే ‘అవును’. స్తంభానికి ఎగరేస్తే కెప్టెన్ ఎందుకని అడుగుతాడు. అందుకని ఆ రోజు దాన్ని తన గది బయట ఎడమ కమ్మీకి కట్టింది. అతను ఎప్పుడూ దాటేది అటే కదా!

నూనె ఓడ కనిపించింది. అంతలో ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో, కుడివైపంతా చేపల పడవలే. ఆమె రెండు పొట్టి కూతలు కూయించింది, ఎడమకి తిరుగుతున్నానని. అటునుంచీ రెండు కూతలు వచ్చాయి. పనిలో పడితే ఆమెకి ఒళ్ళు తెలియదు. పడవలు తప్పించి తలెత్తేసరికి అతని ఓడ వెనకబడిపోయింది. మూడు పొడుగాటి కూతలు వినిపించాయి.

‘చూశాడు!’ అనుకుంది.

“ఏంటమ్మా, మొహం వెలిగిపోతోంది?” అన్నాడు చుక్కాని పట్టుకున్న పెద్దాయన.

“ఏం లేదు బాబాయ్.”

డ్యూటీ దిగి జెండా విప్పబోతే చెయ్యి ముడి మీదే ఆగిపోయింది. అతను దాటింది కుడివైపు. అటునుంచి చూస్తే ఇక్కడి జెండా కనపడదు. ఆ మూడు కూతలూ వీడ్కోలు. రేడియో దగ్గరికి పరిగెత్తి గొంతు పోయేలా పిలిచింది. అప్పటికే అతను అందనంత దూరం వెళ్ళిపోయాడు.

పద్ధెనిమిది రోజుల తర్వాత నూనె ఓడ నుంచి కొత్త గొంతు పలికింది.

“రెండో ఆఫీసరుగారు లేరా?” అని ఆమె అడిగింది.

“దిగిపోయాడండి. పోయిన వారమే పెళ్ళయింది. మీకో మాట చెప్పమన్నాడు. మీ మీద కోపం లేదట. బదులేమైనా చెప్పమంటారా?”

“ఆ రోజు మనం ఏ వైపు నుంచి దాటామో…” అని ఆగింది. ఈ మాట చేరితే అతనికి జన్మంతా గుచ్చుకుంటుంది, పక్కనున్న ఆ పిల్లకి కూడా. తనొక్కతే పడుతోంది, చాలు.

“వద్దులెండి. శుభాకాంక్షలు చెప్పండి. నేను కుడికి తిరుగుతున్నాను.”

“నేనూ కుడికే మేడమ్.”

నూనె ఓడ ఎడమ పక్క నుంచి, కమ్మీల మీది తుప్పు కూడా కనపడేంత దగ్గరగా దాటిపోయింది.