పటిక పొట్లం

పొద్దున్నే కాఫీ తాగుతూ భూషణం సామాన్ల జాబితా చెబుతుంటే, కోడలు నాగశ్రీ కరెంటు బిల్లు వెనకాల రాసుకుంది. కరక్కాయలు అరకిలో, పటిక పావుకిలో, ఎరుపుకు మంజిష్ఠ వేళ్లు కిలో. తువ్వాళ్లకు నలుపు వెయ్యడానికి కాస్త అన్నభేది.

"గేదెపాలు చిక్కగా ఉండాలమ్మా. ప్యాకెట్ పాలు పనికిరావు."

పెడనలో అద్దకం షెడ్డులో ముప్పై ఏళ్లు చేసిన మనిషి ఆయన. వెలిసిపోయిన తన నూలుచీరకు ఎరుపు వెయ్యమని అత్తగారు కనకదుర్గ నెల రోజులుగా పోరుతోంది. నాగశ్రీ దిగులు వేరు. ఈ మధ్య మావగారు వంచే నీళ్లు గ్లాసు పక్కన పడుతున్నాయి. కంటి ఆపరేషన్ మాటెత్తితే ఇంతెత్తున లేస్తున్నాడు.

కోనేరు సెంటర్లో మూలికల కొట్టుకు వెళ్లి అన్నీ తెచ్చింది. కరక్కాయలు నూరి పాలలో కలిపి, చీర ముంచి ఎండేశారు. మర్నాడు ఎరుపు పట్టేలా పటిక నీళ్లలో ముంచి, మంజిష్ఠతో ఉడికించాలి. అరుగు మీద రెండు పొట్లాలు విప్పి ఉన్నాయి. ఒకదాంట్లో తెల్లటి పటిక, రెండోదాంట్లో లేత ఆకుపచ్చ అన్నభేది. నాగశ్రీ పొయ్యి రాజేసి వచ్చేలోపే భూషణం ఒక పొట్లం బకెట్లో గుమ్మరించి చీర ముంచేశాడు.

చీర కాటుకలా నల్లబడింది.

"ఇదేంటండీ! ఎరుపు వెయ్యమంటే?" కనకదుర్గ బుగ్గలు నొక్కుకుంది.

"కోడలు తెచ్చిన సరుకు అలా ఏడిసింది! పటిక తెమ్మంటే ఏం తెచ్చిందో!"

నాగశ్రీకి ఒళ్లు మండింది. పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"పటిక ఇదిగో, ఇక్కడే ఉంది మావయ్యగారూ. మీరు పోసింది అన్నభేది. కరక్కాయకి అది తగిలితే నలుపేనని నాకు నేర్పింది మీరే కదా. రెండూ ఒకేలా కనిపించాయి, అవునా?"

భూషణం అరుగు మీద కూలబడ్డాడు.

"నాతో షెడ్డులో చేసిన యాకోబు ఆపరేషన్ చేయించుకున్నాడమ్మా. కట్టు విప్పాక రంగులన్నీ వేరేగా కనిపిస్తున్నాయన్నాడు. ఉడికే గుడ్డను చూసి, ఎరుపు తేలింది, ఇక దించమని చెప్పడమే నాకొచ్చిన విద్య. అదీ పోతే ఇంక నేనెందుకు?"

నాగశ్రీ కోపమంతా దిగిపోయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ మొండితనం అనుకున్నది భయమన్నమాట. కనకదుర్గ కొంగుతో మొగుడి చేతుల నలుపు తుడవబోయింది.

"పోనీలెండి. నల్లచీరే కట్టుకుంటాను. దిష్టి తగలదు."

భూషణం నవ్వాడు. లేచి, తడుముకుంటూ లోపలికి వెళ్లి ట్రంకుపెట్టెలోంచి జేబురుమాలంత ఎర్రగుడ్డ తెచ్చాడు. షెడ్డులో ఆఖరి రోజున ఆయన ఉడికించిన ఎరుపది. కోడలి చేతికిచ్చాడు.

"ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఇది పట్టుకురా అమ్మా. కట్టు విప్పగానే ముందు దీన్నే చూపించు. నా ఎరుపు ఇప్పుడెలా ఉంటుందో అక్కడే నేర్చుకుంటాను."

"అలాగే మావయ్యగారూ."

"ఆ మంజిష్ఠ మాత్రం డబ్బాలో పోసి గట్టిగా మూత పెట్టు. వచ్చాక మీ అత్తకి ఇంకో చీర అద్దాలి."