నాలుగింటికి వచ్చే ఆర్కిడ్

హరిదాస్ ప్రాణం పోయి రెండు గంటలైంది. అతని కంప్యూటర్ మాత్రం ఇంకా ఫోన్లు ఎత్తుతూనే ఉంది.

ట్రింగ్... క్లిక్. ఎవరో గొంతు నులిమినట్టు మోడెమ్ కీచుమంది. తెర మీద పచ్చటి అక్షరాలు లేచాయి. ఊళ్లో ఏ మూల నుంచో ఒక చదరంగం పిచ్చివాడు హరి నడిపే కంప్యూటర్ బులెటిన్ బోర్డులోకి వచ్చి, తన ఎత్తు వేసి, ‘గుడ్ మార్నింగ్ హరి’ అని రాసి వెళ్లిపోయాడు. హరి కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. బల్ల మీద సగం తాగిన కాఫీ.

ఇందిర మాప్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. సింగపూర్ తంజోంగ్ పగార్‌లోని ఈ నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఆమె మూడు వారాలుగా పనిమనిషి. బ్యూరో లెక్కల్లో ఏజెంట్ టీ-నైన్. మలేసియాలో పేరాక్ రబ్బరు ఎస్టేట్‌లో ఆరో క్లాసుతో బడి మానేసిన మనిషిని గూఢచారి అని ఎవరూ అనుకోరు. చీఫ్ ఆమెను ఎంచుకున్నదే అందుకు.

పదకొండింటికి చీఫ్ వీరభద్రరావు వచ్చాడు. మాసిన బనియన్, మెడలో తువ్వాలు, చేతిలో రబ్బరు బూర. పాత పేపర్లు కొనే తోపుడుబండివాడి వేషం. వెనకే శాంతిని: నల్ల కళ్లద్దాలు, ఎర్రటి పెదాలు, గది నిండిపోయే సెంటు, భుజాన పెద్ద హ్యాండ్‌బ్యాగు. బ్యూరోకు కంప్యూటర్ల సంగతి తెలిసిన ఒకే ఒక్క ఏజెంట్.

చీఫ్ వంగి, హరిదాస్ కళ్లు మూసి, గొంతు తగ్గించాడు.

“ఈ కంప్యూటర్‌కి ఉన్నది ఒక్కటే ఫోన్ లైను. మోడెమ్ ఉన్న ఎవరైనా డయల్ చేసి లోపలికొచ్చి ఉత్తరాలు చదువుకోవచ్చు, పెట్టిపోవచ్చు. ఒకసారికి ఒక్కరే. దీన్ని ఒక విదేశీ ముఠా పోస్టాఫీసులా వాడుకుంటోంది. హరి కనిపెట్టి మనకి చెప్పాడు. చెప్పినందుకే పోయాడు.”

“ఏం ఉత్తరాలు, అంకుల్?” అంది ఇందిర.

“తువాస్ షిప్‌యార్డులో రిపేరుకొచ్చిన ఓడల్లో ఒకదాంట్లో బాంబు పెట్టారమ్మా. దానికి పేజర్ తగిలించారు. ఆ పేజర్ నంబరుకి ఫోన్ చేస్తే చాలు, పేలిపోతుంది. ఓడ పేరు, నంబరు ఇందులోనే ఒక ఫైల్లో ఉన్నాయి. దాని పాస్‌వర్డ్ ‘ఆర్కిడ్’ అనే కాలర్‌కే తెలుసు. రోజూ నాలుగింటికి వస్తాడో, వస్తుందో. ఇవాళే ఫైలు తెరుస్తారని హరి నిన్న కబురు పెట్టాడు.”

ఇందిర మాప్ కర్రను గట్టిగా పట్టుకుంది. ఆమె మొగుడు సురేన్ తువాస్‌లోనే వెల్డింగ్ ఫోర్‌మన్. పొద్దున రెండేళ్ల పాపకు ముద్దుపెట్టి, టిఫిన్ డబ్బా అందుకుంటూ, “ఇవాళ ట్యాంక్ లోపల పని. సాయంత్రం దాకా బయటికి రాను” అన్నాడు. ఏ ఓడో ఆమె అడగలేదు. ఎప్పుడూ అడగదు.

“ఓడలన్నీ ఖాళీ చేయించేయండి అంకుల్!”

“ఇరవై రెండు ఓడలు. సైరన్ వినిపించిందంటే ముఠా ఇంకో దారిలో ఆర్కిడ్‌కి నంబరు అందించి పేల్చేయిస్తుంది. పేరు తెలిస్తే ఆ ఒక్క ఓడలోకి చప్పుడు లేకుండా వెళ్తాం. మనవాళ్లు అక్కడే కాచుకుని ఉన్నారు.” చీఫ్ తెర మీద కాలర్ల చిట్టా చూపించాడు. “ఇది చూడండి. అందరూ వచ్చే స్పీడు రెండువేల నాలుగువందలు. ఆర్కిడ్‌ది మూడువందలే. అంటే పబ్లిక్ ఫోన్ రిసీవర్‌కి రబ్బరు కప్పులు తొడిగి వాడే చిన్న కీబోర్డు పెట్టె. బ్యాగులో పట్టేస్తుంది.”

“సింగపూర్‌లో పబ్లిక్ ఫోన్లు ఎన్ని వేలున్నాయో తెలుసా, చీఫ్?” శాంతిని నవ్వింది.

చీఫ్ నవ్వలేదు. ఇందిర చేతిలో ఒక టీ ఫ్లాస్కు పెట్టాడు. మూత తిప్పితే లోపల వాకీటాకీ. “కాలర్ కొట్టే ప్రతి అక్షరం ఈ తెర మీద పడుతుంది. నువ్వు కుర్చీ వదలకు. కింద బండి దగ్గరే ఉంటా.”

కాసేపటికి హరిదాస్ తన ఫ్లాట్‌లోంచి చీఫ్ తోపుడుబండిలో పాత పేపర్ల కింద పడుకుని వెళ్లిపోయాడు. లిఫ్టులో ఒక ఆంటీ పక్కకి జరిగి బండికి దారి కూడా ఇచ్చింది.

మూడూ నలభై ఐదు.

“అక్కా, ఆకలేస్తోంది. కిందకెళ్లి తినడానికి మకాన్ ఏదైనా కట్టించుకొస్తా. నీకు?” శాంతిని బ్యాగు తగిలించుకుంది.

“నాకేం వద్దు లా,” అంది ఇందిర, ఈ ఊరి అలవాటుగా మాట చివర ‘లా’ తగిలించి.

“కీబోర్డు ముట్టుకోకేం. నీకు తెలీదు, పాడుచేస్తావ్.”

హీల్స్ చప్పుడు లిఫ్టు దాకా వెళ్లి ఆగిపోయింది. ఇందిర కిటికీలోంచి చూసింది. ఎదుట అన్నం కొట్లుండే హాకర్ సెంటర్, దాని పక్కన పబ్లిక్ ఫోన్. ఫోన్ నెత్తిన ఒక టిష్యూ ప్యాకెట్.

బల్లల మీద టిష్యూ పెట్టి చోప్ చేయడం ఈ ఊళ్లో అందరూ చేసేదే. ప్యాకెట్ ఉందంటే ఆ చోటు ఎవరిదో, ఇంకెవరూ కూర్చోరు. కానీ ఫోన్‌ని చోప్ చేసినవాళ్లను ఇందిర ఇంతవరకూ చూడలేదు. చిల్లర పట్టుకొచ్చిన ఒక ముసలాయన కూడా ప్యాకెట్ చూసి, గొణుక్కుంటూ వెనక్కి తిరిగాడు.

అప్పుడొచ్చింది శాంతిని. అన్నం కొట్ల వైపు చూడను కూడా లేదు. టిష్యూ ప్యాకెట్ తీసి బ్యాగులో వేసుకుంది. బ్యాగులోంచి రెండు నల్లటి రబ్బరు కప్పులు బయటికొచ్చాయి.

ఇందిర ఫ్లాస్కు మూత తిప్పింది. “అంకుల్, ఆర్కిడ్ మన శాంతినే. హాకర్ సెంటర్ ఫోన్ దగ్గరుంది.”

అవతల గరగర, ఆ వెనకే చీఫ్ గొంతు.

“పట్టుకోమంటావా?”

“వద్దు అంకుల్! పాస్‌వర్డ్ కొట్టనివ్వండి. ఓడ పేరు కావాలి లా.”

“పేరు వెనకే నంబరు కూడా దానికి అందుతుందమ్మా. ఫోన్ పెట్టి పేజర్‌కి కొట్టడానికి పది సెకన్లు చాలు. నేను బ్లాకుకి ఇటువైపున్నా. చుట్టి రావాలి.”

“రండి. ఈలోగా నేను చూసుకుంటా.”

ఎలా చూసుకుంటుందో ఆమెకే తెలియదు. సరిగ్గా నాలుగింటికి ఫోన్ మోగింది.

క్లిక్. కీచు. ఆర్కిడ్. పాస్‌వర్డ్ అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి. శాంతిని ఒకసారి తలెత్తి ఈ కిటికీ వైపు చూసి, మళ్లీ దించుకుంది. ఆరో క్లాసు అక్క అక్షరాలు కూడబలుక్కునేలోపు అంతా అయిపోతుందని ఆమె ధీమా.

ఫైలు తెరుచుకుంది. ఆ స్పీడులో అక్షరాలు చీమల బారులా నడుస్తున్నాయి. ఎం... వి... కె... ఇ... ఎం... ఇందిర పెదవులు కదుపుతూ చదివింది. ‘ఎం.వి. కెంబాంగ్ రాయా. మూడో ట్యాంక్ కింద.’ మొగుడి మొహం కళ్ల ముందు మెదిలింది. తర్వాతి లైను మొదలైంది. ‘పేజర్ నంబరు: 9... 4...’

మూడు వారాల్లో హరిదాస్ ఆమెను కసిరింది ఒక్కసారే. పాప జ్వరం సంగతి అడగాలని అదే లైనుకి హాల్లో ఉన్న ఫోన్ ఎత్తితే, లోపల్నుంచి అరుచుకుంటూ వచ్చాడు: “లైన్లో మనిషున్నాడు! నువ్వు ఎత్తితే అక్షరాలన్నీ చెత్తయిపోతాయ్!”

ఇందిర ఒక్క ఉదుటున హాల్లోకి పరుగెత్తి రిసీవర్ ఎత్తింది. చెవిలో మోడెమ్ అరుపు. ఆ అరుపులోకి బలంకొద్దీ కేక పెట్టింది. కేక పెడుతూనే ఉంది, అరుపు తెగిపోయేదాకా.

రిసీవర్ దించకుండానే, తీగ సాగినంతమేర కిటికీ దగ్గరికి జరిగింది. కింద శాంతిని పెట్టెను అరచేత్తో కొడుతోంది. ఫోన్ పెట్టి మళ్లీ డయల్ చేసింది. ఎంగేజ్. మళ్లీ చేసింది. ఎంగేజ్. నెమ్మదిగా తలెత్తింది. నల్ల కళ్లద్దాలు తీసి, నాలుగో అంతస్తు కిటికీలో రిసీవర్ పట్టుకుని నిలబడిన పనిమనిషిని చూసింది. ఆమె చెయ్యి బ్యాగులోకి వెళ్లింది.

శాంతిని వెనక రబ్బరు బూర పీమంది. చీఫ్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. బ్యాగులోంచి చిన్న పిస్టల్ సిమెంటు మీద పడింది.

“ఇంక చాలు శాంతినీ,” అన్నాడు. “నీ వెనక జనం ఎదురుచూస్తున్నారు.”

ఇందిర మరో చేత్తో ఫ్లాస్కును నోటి దగ్గర పెట్టుకుని ఓడ పేరు మూడుసార్లు చెప్పింది. ఆ తర్వాత ఇరవై రెండు నిమిషాలు ఫ్లాస్కు మాట్లాడలేదు. ఆమె కూర్చోలేదు. రిసీవర్ కింద పెట్టలేదు. ఎవరు చెప్పినా పెట్టేది కాదు.

చివరికి గరగర. “తీసేశారమ్మా. అందరూ క్షేమం.”

సాయంత్రం ఏడింటికి సురేన్ ఇంటికొచ్చి, బూట్లు విసిరి, పాపను ఎత్తుకున్నాడు.

“కెంబాంగ్ రాయాలో ఇవాళ పని నాశనం లా! పైపులు చూడాలని ఎవరో ఊడిపడి మమ్మల్ని ట్యాంక్‌లోంచి తోలేశారు. పనీపాటా లేని మనుషులు!” అని విసుక్కున్నాడు. “నువ్వేం చేశావ్ పొద్దుట్నుంచి?”

“ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడ్డా.”

“దానికి కూడా జీతమిస్తారా?” అన్నాడు సురేన్.