గానుగ ఎత్తు మీద పట్టేవాడు

చిరాగ్‌పల్లి దాటి ఊళ్లోకి మళ్లే దారిలో ఒక ఎత్తు ఉంది. దాని కొసన మల్లప్ప బెల్లం గానుగ. ఇప్పుడది పాడుబడ్డ కొట్టం. ఒక రాత్రి మల్లప్ప బెల్లం మూట ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చి, అక్కడే కూలిపోయాడట. ఎవరో పట్టి పిసికినట్టు కళ్లు తేలేశాడని చూసినవాళ్లు చెబుతారు. అప్పటినుంచి మల్లప్ప దయ్యమై, చీకటి పడ్డాక ఒంటరిగా పోయేవాళ్లని... పట్టుకుంటాడట.

చెన్నబసప్పకు ఆ దారి తప్పదు. జహీరాబాద్‌లో కూరగాయలు అమ్మి, మిగిలిన సరుకు సైకిల్ మీద తోసుకుంటూ రాత్రికి ఇల్లు చేరాలి.

ఒక రాత్రి సరిగ్గా కొట్టం ముందు — ఎడమ భుజం మీద ఎవరో చెయ్యి వేశారు. వేసి... ఒత్తారు. రొమ్ము మీద బండ పెట్టినట్టయింది. ఒళ్లంతా చెమట. సైకిల్ వదిలేసి కూలబడ్డాడు. కాసేపటికి ఆ చెయ్యి సడలింది.

మర్నాడూ అంతే.

భార్య గిరిజమ్మ తాయెత్తు కట్టించింది. మల్లప్ప దాన్ని పూచికపుల్లలా తీసిపారేశాడు. పైగా ఈమధ్య కొట్టం దాకా ఆగకుండా, ఎత్తు మొదట్లోకే ఎదురొచ్చి పట్టుకుంటున్నాడు. ఇక తనూ మల్లప్ప దారే అనుకుని చెన్నబసప్ప హడలిపోయాడు.

"తాయెత్తుతోని కాకపోతే దవాఖానకన్న పోదాం పా," అని గిరిజమ్మ లాక్కుపోయింది.

"నొప్పి ఎక్కడ పెద్దాయనా?" అంది డాక్టర్ నాజ్నీన్.

"ఎడమ రెక్కల మేడం. అంతే."

"ఎప్పుడొస్తది?"

అతను దిక్కులు చూశాడు. గిరిజమ్మ మోచేత్తో పొడిచింది.

"...గానుగ ఎత్తు మీద మల్లప్ప దయ్యం పట్టినప్పుడు," అన్నాడు గుసగుసగా.

డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఎట్ల పడ్తది? పొడుస్తదా, ఒత్తుతదా?"

"ఒత్తుతది. చేతిలకు దిగుతది... దవడకు ఎక్కుతది."

"మరి ఎప్పుడు ఇడుస్తది?"

"జర కూసుంటే ఇడుస్తది."

"మర్యాద తెల్సినోడమ్మా మల్లప్ప," అంది గిరిజమ్మ.

"పొద్దుగాల ఎత్తు దిగేటప్పుడు?"

"అస్సలు పట్టడు. ఒకపారి రాత్రి జహంగీర్ ఆటోల పోయిన, అప్పుడూ పట్టలే. ఆటో సప్పుడుకు బెదిరిండు గావచ్చు."

"పగటీలి ఎత్తు ఎక్కినవా ఎన్నడన్న?"

"మొన్న మిట్టమధ్యాన్నం ఎక్కిన. అప్పుడు గూడ పట్టిండు, సిగ్గులేనోడు!"

డాక్టరమ్మ మొహం గంభీరమైంది. "పెద్దాయనా, నిన్ను పట్టేదానికి రాత్రితోని పనిలేదు. ఎత్తుతోనే పని. అది నీ గుండె. ఇంకొన్ని దినాలు ఆగితే మల్లప్ప పక్కన కూసుందువు."

ఆ రోజే హైదరాబాద్ పంపించింది. అక్కడ మూసుకుపోయిన రక్తనాళం తెరిచి స్టెంట్ వేశారు.

కోలుకున్నాక, ఒక రాత్రి చెన్నబసప్ప మళ్లీ ఆ ఎత్తు ఎక్కాడు. కొట్టం ముందుకొచ్చాడు. భుజం మీద ఏ చెయ్యీ పడలేదు. ప్రాణం హాయిగా ఉంది. ఇన్నాళ్లు భయపడ్డందుకు తనమీద తనకే నవ్వొచ్చింది.

"పాపం, ఉత్తగనే నిన్ను బద్నాం చేస్తిమి మల్లప్పా!" అన్నాడు చీకట్లోకి.

కొట్టంలోంచి — నీరసంగా, మెల్లగా —

"నాకు గూడ ఎడమ దిక్కే నొస్తుండె బసప్పా... ఒక్కలన్న అడగకపోతిరి."